డొంకదారి - 19: మ్యాపు మీద నొక్కితే చేరిపోయే ఊళ్లు

ఈసారి కంప్యూటర్ గేముల గురించి రాస్తున్నాను. నవ్వకండి. "అన్నా, పోయినసారి లంక భూముల గురించి రాశావు, ఇప్పుడు గేములేంది" అని అడిగేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. నేను ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఏదో ఒక సర్వే నంబరు దగ్గర తేలతానని మీకు తెలుసు కదా.

అడ్వెంచర్ గేములని ఒక రకం ఉండేవి. 1980ల చివర, 90లలో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్, సియెర్రా అనే కంపెనీలు వీటికి పేరుపడ్డాయి. వీటిలో కాల్చడాలు, కూల్చడాలు పెద్దగా ఉండవు. ఒక మనిషి ఉంటాడు. వాణ్ని మౌస్‌తో నడిపించాలి. కనపడ్డ ప్రతివాడితో మాట్లాడించాలి. దొరికిన వస్తువల్లా జేబులో వేసుకుని, ఏది ఎక్కడ పనికొస్తుందో బుర్ర గోక్కుని కనిపెట్టాలి. పొడుపుకథలో మనమే ఒక పాత్ర అన్నమాట.

అందులో ఒక తిప్పలు ఉంది. తిరిగిన చోటికే మళ్లీ మళ్లీ తిరగాలి. ఊరికి ఆ చివర ఉన్న తాళంచెవి తెచ్చి ఈ చివర ఉన్న పెట్టె తెరవాలి. మధ్యలో పది బొమ్మలు దాటాలి. ఫ్లాపీల కాలంలో ఒక్కో బొమ్మ మారాలంటే డిస్కు గరగరలాడేది, ఒక ఫ్లాపీ తీసి ఇంకోటి పెట్టమనేది. ఆడేవాడికి విసుగు. అందుకని తయారుచేసేవాళ్లు మ్యాపు కనిపెట్టారు. ఊరంతా, లేకపోతే దీవంతా, పైనుంచి గద్ద చూసినట్టు ఒక్క బొమ్మలో కనపడుతుంది. వెళ్లాల్సిన చోటు మీద నొక్కితే చాలు, అక్కడ ఉంటావు. దీన్నే ఫాస్ట్ ట్రావెల్ అంటారు.

1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో ఇలాంటి మ్యాపు ఉంది. గైబ్రష్ అనే కుర్రాడు ఓడదొంగ అవుదామని మేలే అనే దీవికొస్తాడు. ఊరు దాటి బయటికి నడవగానే రాత్రిపూట దీవంతా కింద పరిచినట్టు కనపడుతుంది, వాడు దానిమీద చీమంత అయిపోయి గబగబా కదులుతాడు. 1993లో వచ్చిన 'సామ్ అండ్ మ్యాక్స్'లో అయితే అమెరికా దేశమంతా ఒకే మ్యాపు. కుక్కా కుందేలూ కారెక్కి తిరుగుతుంటాయి. 1996లో 'బ్రోకెన్ స్వోర్డ్' వచ్చింది, అందులో ప్యారిస్ మ్యాపు. ఎవరన్నా ఒక చోటు పేరు చెప్పేదాకా ఆ చోటు మ్యాపులో ఉండదు. పేరు వినపడగానే అక్కడ ఒక గుర్తు లేస్తుంది. ఒకసారి లేచిన గుర్తు ఇక నీదే. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వెళ్లొచ్చు.

ఆ ప్యారిస్‌ని నేను ఆంధ్రా ప్యారిస్‌లో చూశాను. 2001, తెనాలి. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజులు. ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో సాయంత్రాలు ఊడ్చి, నీళ్లు పట్టి పెడితే, రాత్రి ఎనిమిది తర్వాత ఒక గంట మిషను ముట్టుకోనిచ్చేవారు. అక్కడి సారు దగ్గర ఒక సీడీ ఉండేది, దాని మీద స్కెచ్‌పెన్నుతో 'గేమ్స్' అని మాత్రమే రాసుంది. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఆడేవాణ్ని. ఇవాళ కోర్టు కాయితాలు ఇంగ్లీషులో చదివి మనవాళ్లకి తెలుగులో చెప్పగలుగుతున్నానంటే అందులో ఓడదొంగల వాటా కొంత ఉంది.

నన్ను కట్టిపడేసింది చిక్కుముళ్లు కాదు, మ్యాపు. ఎందుకో అప్పట్లో తెలియలేదు.

మాది కొల్లూరు. ఇప్పుడు బాపట్ల జిల్లా, అప్పట్లో గుంటూరు జిల్లా. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోతుంది గాని మా ఊరికి రాదు. మాకు బస్సే దిక్కు. ఊరికి తూర్పున కరకట్ట, కట్ట దిగితే లంకలు, ఆ పైన కృష్ణ. పసుపు, కంద, అరటి, తమలపాకు తోటల మధ్య డొంకలు. ఇదంతా పైనుంచి చూస్తే బొమ్మలాగా ఉంటుంది. కింద నడిచేవాడికి మాత్రం ఆ బొమ్మ ఒక్కటి కాదు. మా తాత కాలానికి మా పల్లెవాళ్లు పెద్దబజారు గుండా చెప్పులేసుకుని నడవకూడదు. మా నాయన కాలానికి చెప్పులు వచ్చాయి, సైకిలూ వచ్చింది, కానీ కొన్ని అరుగుల ముందు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. మా నాయన దిగేవాడు కాదు. అలాగని ఎక్కి తొక్కేవాడూ కాదు. చుట్టూ తిరిగి డొంకలో పోయేవాడు. ఐదు నిమిషాల దారి అరగంట. "డొంకలో గాలి బాగుంటుందిరా" అనేవాడు. నేను చాన్నాళ్లు నిజమే అనుకున్నాను.

గైబ్రష్ దీవికి కొత్తవాడు. సారాకొట్లోకి నేరుగా నడిచిపోయి, పెద్ద ఓడదొంగల బల్ల ముందు నిలబడి, నాకు ఈ పని నేర్పండి అంటాడు. వాడి పేరు విని నవ్వుతారు. అంతే. "ఏ ఊరబ్బాయ్ మనది?" అనరు. "కొల్లూరండీ" అంటే "కొల్లూర్లో ఎక్కడ?" అని రెండో ప్రశ్న వేయరు. ఈ రెండో ప్రశ్న నా దోస్తులందరికీ తెలుసు. మొదటి ప్రశ్న ఊరి కోసం, రెండోది పేట కోసం. పేట చెబితే ఇంక మూడో ప్రశ్న ఉండదు, ఎదుటివాడి మొహంలోనే అన్నీ కనపడతాయి. తెనాలిలో గది అద్దెకి వెతుక్కున్నప్పుడు నా మ్యాపులో గుర్తులు ఒక్కొక్కటీ లేవడం కాదు, ఆరిపోవడం చూశాను.

మ్యాపు మీద నొక్కగానే చేరిపోవడం అంటే అర్థం దారిలో ఏమీ జరగదని. ఆట తయారుచేసినవాడు ధైర్యంగా ఆ దారిని కత్తిరించి పారేశాడు, ఎందుకంటే దారి అనేది వాడి దృష్టిలో ఉత్త విసుగు. బయల్దేరిన చోటు కథ, చేరిన చోటు కథ, మధ్యలోది దండగ. దారి ఎవరికి విసుగ్గా ఉంటుందంటే, దారిలో ఎవరూ ఆపనివాడికి. మనకి జరిగిందంతా ఆ మధ్యలోనే జరిగింది.

1901. పదేళ్ల పిల్లవాడు భీమ్‌రావు అన్నతోను, ఇంకో ఇద్దరు పిల్లలతోను కలిసి నాన్న దగ్గరికి గోరేగావ్ బయల్దేరాడు. రైలు మసూరు స్టేషన్‌లో దింపింది. మంచి బట్టలు చూసి పలకరించిన స్టేషన్ మాస్టరు, వీళ్లు మహర్లని తెలియగానే మొహం మారిపోయి తన గదిలోకి వెళ్లిపోయాడు. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి అనే షరతు మీద. రాత్రి టోల్ వసూలు చేసేవాడి గుడిసె దగ్గరికి చేరారు. దాహం. ముసల్మానులమని చెప్పుకున్నా చుక్క నీళ్లు పోయలేదు. అన్నం మూట పక్కనే ఉంది, నీళ్లు లేక తినలేక ఆకలితోనే పడుకున్నారు. అంబేడ్కర్ ఇదంతా 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. పేరు చూడండి. సొంత దేశంలో ప్రయాణం గురించి రాస్తూ దానికి వీసా అని పేరు పెట్టారు.

మంకీ ఐలాండ్‌లోనూ ఒక టోల్ కాపలాదారు ఉన్నాడు. వంతెన మీద ట్రోల్ అనే భూతం దారి అడ్డుకుని సుంకం కట్టమంటాడు. వాడికి కావలసింది డబ్బు కాదు, ఒక చేప. రెడ్ హెర్రింగ్ అంటారు, అదో ఇంగ్లీషు శ్లేష. చేప తెచ్చిస్తే పక్కకి తప్పుకుంటాడు. ఆ తర్వాత ఇంక అడగడు. మొదటిసారి అది దాటినప్పుడు నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వుకున్నాను. ఒక్కసారి కట్టేస్తే తీరిపోయే సుంకం! మా తాత కట్టాడు, మా నాయన కట్టాడు, నేనూ కట్టాను. మా వంతెన మీదివాడికి ఇంకా చేపలు కావాలట.

అట్లాగని ఆ ఆటల్లో దారి అందరికీ ఉచితం అనుకోకండి. 1988 నాటి 'జాక్ మెక్‌క్రాకెన్'లో విమానం ఎక్కాలంటే టికెట్టు కొనాలి, కార్డులో డబ్బు అయిపోతే చిక్కుకుపోతావు. 1992 నాటి 'కింగ్స్ క్వెస్ట్ 6' ఇంకా బాగుంటుంది. ఆ రాజ్యంలో దీవుల మధ్య తగాదాలు వచ్చి పడవ ఆపేశారు. రాకుమారుడు అలెగ్జాండర్ ఒడ్డున చిక్కుకుపోయాడు. తాకట్టు కొట్లో ఒక మాయ మ్యాపు ఉంది, దాని మీద దీవిని తాకితే అక్కడికి చేరిపోవచ్చు. దానికి బదులు ఏమివ్వాలి? వేలికున్న రాజముద్ర ఉంగరం. ఆట ఆడిన నా దోస్తొకడు అన్నాడు: "ఒరే, వీడి దగ్గర ఉంగరం ఉంది కాబట్టి సరిపోయింది." పడవ ఆగిపోతే ఏమవుతుందో మా లంకల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కృష్ణకు వరద వచ్చినప్పుడు దారి మునుగుతుంది, పడవ కట్టేస్తారు, కాన్పు నొప్పులు మాత్రం ఆగవు. తాకట్టు పెట్టడానికి ఉంగరం కాదు గదా, కమ్మలు కూడా అప్పటికే కొట్లో ఉంటాయి.

మనవాళ్లు మ్యాపులు గీయలేదా అంటే గీశారు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన బాధను కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దాన్ని ఎవరూ ఆపరు, గుడి చూరులోనే దాని కాపురం. ఆయన తలుచుకుంటే గబ్బిలాన్ని ఒక్క పద్యంలో కాశీలో దింపేసి ఉండొచ్చు. దింపలేదు. దారి పొడుగునా ఏ నేల ఎవరిది, అక్కడేం జరిగింది, చూస్తూ పొమ్మన్నాడు. కాళిదాసు మేఘానికీ దారి చెప్పాడు, నిజమే. కానీ మేఘాన్ని పంపిన యక్షుడికి కావలసింది భార్య కబురు. మనవాడికి కావలసింది గుమ్మం దాటే హక్కు.

దారి కోసమే పోరాడినవాళ్లు ఉన్నారు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి కొని, తలపాగా చుట్టి, తనకి నిషేధమైన రాజవీధిలో బండి తోలుకుంటూ పోయాడు. బండిలో సరుకేమీ లేదు. పోవడమే పని. 1924 వైకోమ్ సత్యాగ్రహం గుడిలోకి వెళ్లడానికని చాలామంది అనుకుంటారు, కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. మన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులతోపాటు రోడ్లు అనే మాట ఊరికే రాలేదు.

ఇక మా పక్కన చుండూరు. మా ప్రాంతంలో ఆ పేరు రాయకుండా దారి గురించి ఎవరూ రాయలేరు. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగిలిందని మొదలైంది. సాంఘిక బహిష్కరణ పెట్టారు. 1991 ఆగస్టు 6న పొలాలకి అడ్డంపడి పరిగెత్తినవాళ్లని తరిమి తరిమి చంపారు. ఎనిమిది మంది. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికినవాళ్లు తెనాలి చేరారు. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ని, మా అమ్మ కొన్ని నెలలపాటు నన్ను గట్టు మీద ఒంటరిగా పంపలేదు. పొలంగట్టు అంటే మనకి కూలికి పోయే దారి, ఆ రోజు నుంచి అది వేరే దారి కూడా అయింది.

చుండూరు వాళ్లు చేసిన ఒక పని గురించి నేను ప్రతి మీటింగులో చెబుతాను. కేసు ఎక్కడో జరిగితే సాక్షులు రోజూ ఎవరి ఊళ్ల మీదుగా రావాలి, ఎవరి బస్సు ఎక్కాలి? అందుకని కోర్టే మా ఊరు రావాలి అన్నారు. పట్టుబట్టారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007 జులై 31న అక్కడే తీర్పు చెప్పి ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది, అది వేరే భాగంలో రాస్తాను, ఇప్పుడు రాస్తే ఇంక ఏదీ రాయలేను. కానీ కోర్టును నడిపించి తెచ్చుకున్న సంగతి ఎవరూ కొట్టేయలేరు.

ఈ మధ్య మా మేనకోడలికి నా పాత ఆటలు ఫోన్లో చూపించాను. స్కమ్‌వీఎమ్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, దాంట్లో ఆ పాతవన్నీ ఆడతాయి. పిల్ల ఎనిమిదో తరగతి. ఆట మొదలుపెట్టి గంటకే మ్యాపు మీద టకటకా నొక్కుతోంది. తర్వాత కత్తిసాము నేర్చిన మనిషి ఇల్లు ఎక్కడో దొరకలేదు. అది అడవిలో ఉంటుంది, మ్యాపు చెప్పదు. కొట్టు ముసలాయనకి దారి తెలుసు, నోటితో చెప్పడు. ఆయన్ని ఆమెతో మాట్లాడమని పంపి, వెనకాలే పోవాలి. నేను చెప్పలేదు, పిల్లే కనిపెట్టింది. "మావయ్యా, తెలిసినోళ్లు నడుస్తుంటే ఎనక పోతే సరిపోద్ది" అంది. నేను అప్పుడే ఒక ఊరి నుంచి వచ్చి కూర్చున్నాను, కాళ్ల మట్టి కూడా కడుక్కోలేదు. నాకు ఆ మాట అక్కడ పనికొచ్చింది.

ఊరి పేరు రాయను, విషయం ఇంకా నడుస్తోంది. ఒక లంక ఊరు. మనవాళ్ల సమాధుల దొడ్డి ఏటి ఒడ్డున ఉంది. అక్కడికి డొంక ఉంది. ఉంది అంటే కాయితంలో ఉంది. ఎఫ్ఎంబీలో రెండు చుక్కల గీతల మధ్య డొంక పోరంబోకు అని స్పష్టంగా కనపడుతుంది. నేల మీద అరటి ఉంది, కంద ఉంది, ముళ్లకంచె ఉంది. ఇటు తోటవాడు ఒక బార, అటు తోటవాడు ఒక బార, ఏటేటా జరుపుకుంటూ వచ్చి గీతలు రెండూ కలిసిపోయాయి. పోయిన వర్షాకాలం ఒక ముసలామె చనిపోతే, పెట్టెను మోకాటిలోతు బురదలో, కాలవ గట్టు మీద, ఆరుగురు మోయాల్సింది ఒకరి వెనక ఒకరుగా ఇద్దరే మోశారు. పెట్టె రెండుసార్లు ఒరిగింది. ఆమె చిన్నకొడుకు నాతో అన్నది ఇంతే: "బతికున్నప్పుడు దిగి నడిచింది, చచ్చాక కూడా దిగే పోవాలా అన్నా."

అర్జీలు పెట్టాం. ఒక ఆఫీసులో "డొంక ఎక్కడుందయ్యా, నాకు కనపడలేదే" అన్నారు. ఇంకోచోట "గట్టు మీద పోతున్నారుగా, ఎవరన్నా ఆపారా" అన్నారు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీల చట్టం 1989 చేసినప్పుడే, వాడుకలో ఉన్న దారిని కాదనడం నేరమని రాసింది. చట్టం చదివి వినిపిస్తే "గొడవలు ఎందుకు" అన్నారు. గొడవలు అనే మాట ఎప్పుడూ దారి అడిగినవాడికే వస్తుంది, దారి దున్నినవాడికి రాదు.

అప్పుడు పిల్ల మాట గుర్తొచ్చి ఆ ఊళ్లో ముసలివాళ్లను పట్టుకున్నాం. డెబ్బై దాటినవాళ్లు ముగ్గురు దొరికారు. "మీరు నడవండి తాతా, మేం వెనక వస్తాం" అన్నాం. ముందు భయపడ్డారు. తర్వాత ఒకాయన కర్ర తీసుకుని లేచాడు. చింతచెట్టు మొద్దు దగ్గర మొదలుపెట్టి, ఇక్కడ బండి తిప్పేవాళ్లం, ఇక్కడ నీళ్లతొట్టి ఉండేది, ఇక్కడ శవాన్ని దింపి భుజం మార్చుకునేవాళ్లం అని చెబుతూ అరటితోటలోంచి నడిచాడు. ఆయన ఆగిన చోటల్లా కుర్రాళ్లు ఫోన్లో గుర్తు పెట్టారు. ఆ గుర్తులన్నీ కలిపి ఎఫ్ఎంబీ గీత మీద పెట్టి చూస్తే దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. భుజం మార్చుకునే చోట సర్వే రాయి కూడా దొరికింది, కంద మళ్లో, సగం పూడిపోయి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటి ఉంది. 2004 నుంచి నడుస్తోంది. ప్రపంచంలో ఎవరైనా తమ ఊరి దారిని అందులో గీయొచ్చు. మా కుర్రాళ్లు పేట పేరు రాశారు, చర్చి పెట్టారు, నీళ్లట్యాంకు పెట్టారు, సమాధుల దొడ్డి పెట్టారు. డొంక దగ్గర వాదన వచ్చింది. ఒకడు గీసేద్దాం అన్నాడు, ఇంకొకడు వద్దన్నాడు, "నడవలేని దారి గీస్తే నమ్మి వచ్చినోడు ముళ్లకంచెకి గుద్దుకుంటాడు" అని. రెండోవాడిదే రైటని నాకనిపించింది. దొడ్డి వరకు గుర్తులున్నాయి, మధ్యలో గీత ఖాళీగా ఉంచాం.

ముసలాయన నడిచిన వీడియో, మూడు వాంగ్మూలాలు, రాయి ఫోటో, ఎఫ్ఎంబీ నకలు కలిపి మళ్లీ పెట్టాం. ఈసారి కొలుస్తామన్నారు. వచ్చే సోమవారం సర్వేయరు గొలుసు తీసుకుని వస్తాడట. అరటి గెల దింపే టైము కాబట్టి తోటలవాళ్లు మనుషుల్ని పెట్టే అవకాశం ఉంది, మనమూ తక్కువ ఉండకూడదు. ఉదయం ఏడింటికల్లా చింతమొద్దు దగ్గర ఉంటాం. తెనాలి, వేమూరు, భట్టిప్రోలు వైపు నుంచి రాగలిగినవాళ్లు నాకు ఇన్‌బాక్స్‌లో చెప్పండి, ఊరి పేరు అక్కడ చెబుతాను. ఆడవాళ్లు కూడా రండి. తాత ముందు నడుస్తానన్నాడు. ఆయనకి ఎండ పడదు, ఎవరన్నా గొడుగు తెండి.

జై భీమ్.